కప్పకు కోపం... పాముకు కోపం!

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దేది డిఫరెన్షియల్. కానీ ఒక చక్రం తడినేల మీద జారిందా... శక్తంతా అక్కడే వృథా! దీనికి విరుగుడే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. ఒక రకంలో క్లచ్ ప్లేట్లు ఒకదాన్నొకటి నొక్కుకుని రెండో చక్రానికీ బలం పంపుతాయి.

మామూలు గేర్ ఆయిల్ పోస్తే నెమ్మదిగా తిరిగే మలుపుల్లో ఆ ప్లేట్లు పట్టి వదులుతూ కటకటమంటాయి. అందుకే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిపిన ఆయిల్ వాడతారు. వెనక ఇరుసులో డిఫరెన్షియల్ విడిగా ఉంటే చిక్కే లేదు, దాని ఆయిల్ దానిదే. అసలు తంటా పాత పోర్షె 911 లాంటివాటితో. గేర్‌బాక్సూ, డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో, ఒకే ఆయిల్‌లో! గేర్లు కలిపే సింక్రో రింగులకేమో రాపిడి కావాలి. ఆయిల్ మరీ జారుడైతే గేరు గరగరలాడుతుంది. ప్లేట్లకేమో ఆ జారుడే కావాలి.

'జీఎల్-5 అని ఉంటే చాలదా?' అంటారు కొందరు. చాలదు. ఆ అంకె గేరు పళ్ల మీద ఒత్తిడి సంగతే చెబుతుంది, ప్లేట్ల సంగతి కాదు. పైగా కొన్ని జీఎల్-5 ఆయిల్స్‌లోని గంధకం సింక్రోల ఇత్తడిని తినేస్తుంది. డబ్బా మీద ధర కన్నా ముందు కారు మాన్యువల్ చూడాలి.

కొత్త ఆయిల్ పోశాక ఖాళీ మైదానంలో నెమ్మదిగా 8 అంకె ఆకారంలో కాసేపు తిప్పితే, అది ప్లేట్ల మధ్యకు చేరుతుంది. అప్పటికీ చప్పుడుంటే మాడిఫయర్ కొద్దికొద్దిగానే కలపాలి. సీసా మొత్తం ఒంపేస్తే చప్పుడు పోతుంది... ప్లేట్ల పట్టూ పోతుంది.