మేనత్త జబ్బు దాచవచ్చునా?

గత నెల ఒకనాడు అసర్ నమాజు తరువాత, మా మదరసాలో చదివే ఒక బాలుని తండ్రి నా దగ్గర కూర్చున్నారు. ఆయన చెల్లెలికి నలభై నిండకముందే రొమ్ము క్యాన్సర్ సోకింది. "మౌలానా సాబ్, మా పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది. ఫూఫీ జబ్బు సంగతి పెళ్లివారికి చెప్పాలా?" అని అడిగారు.

"అమ్మాయికి తెలుసా?" అన్నాను. తెలియదట. ఫూఫీకి ఏదో చిన్న ఆపరేషన్ అని చెప్పారట.

మా గండిపేట పేరులోనే 'గండి' ఉంది. 1908 మూసీ వరద తరువాత తలపెట్టి, 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్ కట్ట పక్కన బతికేవారికి, చిన్న చీలికను వెంటనే పూడ్చకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మన కణాలలోని డీఎన్ఏ పోగులు కూడా తెగుతూ ఉంటాయి. వాటిని అతికే పనిలో బీఆర్‌సీఏ1 అనే జన్యువుది ముఖ్యపాత్ర. అది 17వ క్రోమోజోముపై ఉన్నదని 1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం చూపింది. 1994లో జన్యువునే గుర్తించారు. దీనిని జనం 'క్యాన్సర్ జన్యువు' అంటారు గాని, నిజానికి అది కాపలాదారు. చెడిపోయినప్పుడే కీడు. ప్రతి ఒక్కరిలో దీనికి రెండు ప్రతులుంటాయి. పుట్టుకతోనే ఒకటి చెడి, ఏదో ఒక కణంలో రెండవదీ చెడితే, అక్కడ మరమ్మతు ఆగి తప్పులు పేరుకుంటాయి.

"ఆడవారి జబ్బు తండ్రి వైపు నుంచి వస్తుందా?" అన్నారాయన. వస్తుంది. ఒక ప్రతి తల్లిది, ఒకటి తండ్రిది. ఆయనలో ఆ లోపం ఉంటే, తాను ఆరోగ్యంగా ఉన్నా, ప్రతి బిడ్డకూ అది చేరే అవకాశం సగానికి సగం. అయితే రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యమైనవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. కనుక భయపడనక్కరలేదు, తెలుసుకోవాలి. పరీక్ష ముందుగా చేయవలసింది జబ్బుపడిన ఫూఫీకే. ఆమెలో లోపం కనబడితే అదే లోపం కోసం అన్నను, ఆయనలో ఉంటే అమ్మాయిని పరీక్షిస్తారు. ఆయనలో లేకపోతే అమ్మాయికి ఆ దారిన రాదు. ఉన్నదని తేలినా, చిన్న వయసు నుంచే ఏటా ఎమ్మారై వంటి పరీక్షలతో కనిపెట్టి ఉండవచ్చు. ఫూఫీ జబ్బును దాచిన ఇంట్లో ఈ దారి మొదటి మెట్టులోనే మూసుకుపోతుంది.

బంధుత్వాలు నిలుపుకోవడానికి వంశావళిని తెలుసుకోమని దైవప్రవక్త (స) బోధించారు. ఎవరు ఎవరి బిడ్డో తెలిస్తే చాలునా? ఎవరికి ఏ జబ్బు వచ్చిందో కూడా తెలియాలని నాకు అనిపిస్తుంది.

పెళ్లివారి విషయం మళ్లీ ఎత్తారాయన. అబద్ధం ఆడవద్దన్నాను; ముందు అమ్మాయికి చెప్పండి, తరువాతి మాట ఆమెనే అడగండి అన్నాను. చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చుని, మగ్రిబ్ అజాన్ వినబడగానే లేచారు.