చిల్లర చేసే చిల్లు

ఇంట్లోకి ఫ్రిజ్ కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం. గాజువాకలో ఎంత చెబుతున్నారు, డాబాగార్డెన్స్‌లో ఎంతకిస్తున్నారు అని ఆరా తీస్తాం. వారం రోజులు ఇంటిల్లిపాదీ అదే చర్చ. చివరికి ఓ వెయ్యి రూపాయలు తగ్గించుకుంటే యుద్ధం గెలిచినంత సంబరం! అదే ఇంట్లో, అదే నెలలో టీలకీ, ఆటోలకీ, ఫోన్లో నొక్కిన ఆర్డర్లకీ అంతకు రెండింతలు పోయినా ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే పెద్ద ఖర్చుకు ఇంట్లో అందరి అనుమతీ కావాలి. చిన్న ఖర్చుకు అలవాటుంటే చాలు.

విశాఖపట్నంలో చాలా ఇళ్ళకు ఈ తేడా ఏళ్ళ తరబడి పట్టలేదు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, డాక్‌యార్డు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం... ఇవన్నీ నగరానికి ఓ ధీమా ఇచ్చాయి. నెల తిరిగేసరికి జీతం పడుతుంది. నెలాఖరులో ఎంత ఇరుకైనా నాలుగు రోజులు ఓపిక పడితే మళ్ళీ చేతినిండా డబ్బు. కుండకు చిల్లున్నా పైనుంచి నీళ్ళు పడుతున్నంతకాలం తెలియదు కదా!

ఆ ధార సన్నబడినప్పుడు తెలిసింది. ఉక్కు కర్మాగారాన్ని నూటికి నూరుశాతం అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పుడే గుబులు మొదలైంది. 2024లో ఉద్యోగులకు జీతం సమయానికి అందని నెలలు, ఒకేసారి కాక విడతలుగా అందిన నెలలు వచ్చాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. కర్మాగారం కథ సరే, సగం జీతంతో నెల గడపాల్సి వచ్చిన ఇల్లు ముందుగా చేసే పని ఒకటుంది. కాగితం, పెన్ను తీసుకుని కూర్చోవడం. బియ్యం, పాలు, ఫీజులు, వాయిదాలు రాస్తే లెక్క తేలదు. మిగిలిన డబ్బు ఎక్కడికి పోయిందో ఎవరికీ గుర్తుండదు!

కనిపించని పర్సు

ఒకప్పుడు జేబులో నోటు విప్పాలంటే చేయి కాస్త వెనకాడేది. వంద నోటు మారిస్తే ఇక అది ఆగదని పెద్దలు అనేవారు. చిల్లర లేదని దుకాణదారు అంటే కొనడమే మానేసి వచ్చేసేవాళ్ళం. 2016లో యూపీఐ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. దాంతోపాటు ఆ అడ్డూ పోయింది. టీకొట్టు దగ్గరా, కొబ్బరిబోండాల బండి దగ్గరా అదే చదరపు బొమ్మ. ఫోను చూపించడం, 'టింగ్'మని శబ్దం రావడం... అంతే. పర్సు పల్చబడటం కంటికి కనిపించదు.

షిఫ్టు దిగి ఇంటికి వచ్చే దారిలో టీ, చిరుతిండి కలిపి రోజుకు 40 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 14,600. పాఠశాల నుంచి వచ్చిన పిల్లలకు రోజూ 20 రూపాయల ప్యాకెట్ అయితే 7,300. ఇవి తప్పుడు ఖర్చులని కాదు. ఏడాది మొదట్లో ఎవరైనా వచ్చి 'టీలకూ చిప్స్‌కూ 21,900 ఇచ్చెయ్యండి' అంటే ఇస్తామా? అదీ ప్రశ్న.

ఉచితం కోసం ఖర్చు

సరుకుల యాప్‌లో ఉల్లిపాయలు, కొత్తిమీర ఆర్డరు పెడితే కింద ఓ గీత కనిపిస్తుంది. ఇంకో 80 రూపాయలవి కొంటే డెలివరీ ఉచితం! ముప్ఫై రూపాయలు మిగుల్చుకోవడానికి అక్కర్లేని 80 రూపాయల బిస్కెట్లు కొంటాం.

కూరగాయలదీ ఇదే దారి. 1999లో మొదలైన రైతుబజార్లలో రోజూ ధరల పట్టిక బోర్డు మీద రాస్తారు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం... నగరంలో చాలామందికి ఓ రైతుబజారు అందుబాటులోనే ఉంటుంది. వారానికి రెండుసార్లు సంచి పట్టుకుని వెళ్ళేవారికీ, రోజూ వీధి మొదట్లో పావుకిలో చొప్పున కొనేవారికీ నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది. అయితే ఆటోలో వెళ్ళి ఆటోలో వస్తే ఆ మిగులు కాస్తా కిరాయికే సరి! స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలయ్యాక గుర్తింపు కార్డు చూపిస్తే మహిళలకు చాలా సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా అలవాటు కొద్దీ ఆటోకే చెయ్యెత్తుతున్నవారు తక్కువేం కాదు.

నిద్రపోని మీటరు

రిమోట్‌తో టీవీ కట్టేస్తాం. గోడ దగ్గర స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. పది వాట్లు లాగే సెట్‌టాప్ బాక్సు రాత్రీపగలూ అలాగే ఉంటే నెలకు 7 యూనిట్లకు పైగా తినేస్తుంది. ఏడు యూనిట్లే కదా అనిపించవచ్చు. కానీ కరెంటు బిల్లు స్లాబుల లెక్క. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. ఇలా వృథా అయ్యే యూనిట్లు ఎక్కువ ధర పలికే చివరి మెట్టు మీదే చేరతాయి. విశాఖ ఉక్కపోతకు ఏసీ ఎలాగూ తప్పదనుకునే ఇళ్ళలో ఈ మెట్టు మరీ ఎత్తు.

అన్నిటికన్నా పెద్ద చిల్లు

టీ మానేస్తే ఇల్లు బాగుపడుతుందని చెప్పేవారున్నారు. నిజానికి మధ్యతరగతి ఇంట్లో పెద్ద చిల్లు టీకొట్టు దగ్గర ఉండదు, వడ్డీ దగ్గర ఉంటుంది. క్రెడిట్ కార్డు బిల్లులో 'కనీస చెల్లింపు' అనే చిన్న అంకె ఉంటుంది. అది కట్టేస్తే ఆ నెలకు గండం గడిచినట్టు అనిపిస్తుంది. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 20,000 బాకీ మీద 700, దానిపై 18 శాతం జీఎస్టీ 126, వెరసి 826 రూపాయలు. ఆ నెల మనం అదనంగా ఏమీ కొనలేదు, తినలేదు. అయినా పోయాయి!

జీతం ఆలస్యమైతే మరో దెబ్బ. ఐదో తారీఖున వాయిదా కోతకు ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక రుసుము, అప్పిచ్చిన సంస్థ మరో రుసుము వేస్తాయి. జీతం తేదీ అటూ ఇటూ అవుతోందని తెలిసినప్పుడు వాయిదా తేదీ మార్చమని ముందుగానే అడగడం మేలు.

సినిమాల యాప్‌లు, పాటల యాప్‌లకు నెలనెలా కోతపడే చందాలూ ఇలాంటివే. 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు కబురు పంపాలి. ఆ సందేశం వస్తూనే ఉంటుంది. చదివేవారేరీ?

ఎవరి ఖర్చు వృథా?

లెక్క రాయడం మొదలుపెట్టగానే ఇళ్ళలో ఓ గొడవ తప్పదు. భర్త దృష్టిలో ఆన్‌లైన్ చీర దుబారా. భార్య దృష్టిలో సిగరెట్ దుబారా. అమ్మానాన్నల దృష్టిలో అబ్బాయి ఫోన్ రీచార్జి దుబారా. ఎవరి ఖర్చు వారికి అవసరమే! అందుకే తప్పులు వెదకడం కోసం పద్దు రాయకూడదు. నెలరోజులు ఎవరినీ ఏమీ అనకుండా అందరూ రాయాలి. నెలాఖరున ఎవరిది వారే చూసుకోవాలి. తన చేత్తో రాసుకున్న అంకెకన్నా గట్టిగా ఎవరూ మందలించలేరు.

ఈ నెల నుంచే...

* ముందు వడ్డీ బాకీలు. కార్డు బాకీ తీరేదాకా మిగిలిన ప్రతి రూపాయీ అటే వెళ్ళాలి.

* చిల్లర ఖర్చులకు విడిగా ఓ మొత్తం అనుకుని, వారం వారం నగదుగా తీసి డబ్బాలో పెట్టండి. డబ్బా ఖాళీ అయితే వారం అయిపోయినట్టే.

* బ్యాంకు పాస్‌బుక్కో, ఫోన్‌లోని స్టేట్‌మెంటో నెలకోసారి భార్యాభర్తలు కలిసి చదవండి. వాడని చందాలు అప్పుడే ఆపేయండి.

* వెయ్యి దాటిన ఆన్‌లైన్ ఆర్డర్‌ను ఒక రాత్రి ఆగి పెట్టండి. తెల్లారాక చాలావాటి అవసరం ఉండదు.

* ఒక్కొక్కరికి నెలకు కొంత సొమ్ము లెక్క అడగకుండా వదిలేయండి. ఊపిరాడని పొదుపు మూడు నెలలు కూడా నిలవదు.

చివరి సూత్రమే ముఖ్యం. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం పిల్లలతో కూర్చుని తినే ముంత మసాలాను కత్తిరించి ఏ ఇల్లూ బాగుపడలేదు. నలుగురూ అనుకుని, ఇష్టపడి పెట్టిన ఖర్చు చిల్లు కాదు. ఎవరూ అనుకోకుండా, ఎవరికీ గుర్తులేకుండా జారిపోయినదే చిల్లు. కాబట్టి ఈ సాయంత్రం బీచ్‌కి వెళ్ళండి. ఇంటికి వచ్చాక ఆ ఖర్చును కొత్త పుస్తకంలో మొదటి పద్దుగా రాయండి.