నాగలికి పిడి ఉండదు

మన హాస్టల్లో ఆదివారం పేపరు మన చేతికి వచ్చేసరికి గళ్ల నుడికట్టు సగం నిండిపోయి ఉండేది, గుర్తుందా? సీనియర్ అన్నలు ముందే పెన్నుతో నింపేసేవారు. మిగిలిన నాలుగు గళ్ల కోసం మనం కొట్టుకునేవాళ్లం. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంటి దగ్గర మాత్రం ఒక్క గడీ నిండని పజిల్ దొరికింది. అంశం 'సేద్యం'. మా అన్నదమ్ములం ఇద్దరం ఈ హాస్టల్ పిల్లలమే. ఒకరం ఎం.ఏ. తెలుగు, ఒకరం పదో తరగతి. మా ఇంట్లో డిగ్రీ పట్టా మాతోనే మొదలు. ఇదొక లెక్కా అనుకుని అరుగు మీద కూర్చున్నాం.

అడ్డం 4: నాగలిలో దున్నేవాడు పట్టుకునేది, రెండక్షరాలు. 'పిడి' అని రాసేశాం. అదే మొదటి గడి నుంచి నిలువుగా 'పశువు తినేది', అదీ రెండే. 'పి'తో మొదలయ్యే తిండి ఏముందని తల గోక్కుని 'పిప్పి' అని పెట్టాం. చెరకు పిప్పి తింటాయి కదా అని సర్దుకున్నాం. (పరీక్షల్లోనూ మాది ఇదే పద్ధతి!)

చేటలో బియ్యం చెరుగుతున్న అమ్మ ఏం రాస్తున్నరని అడిగింది. "నీకు తెల్వదులే అమ్మా" అన్నాం. అన్నాక ఊరికే చదివి వినిపించాం.

"నాగలికి పిడేంది బిడ్డా, పిడి కత్తికుంటది. అది మేడి గదా!"

మేడి రాయగానే పిప్పి పోయి 'మేత' వచ్చింది. 'రెండు సోలలు' అని చదివామో లేదో 'తవ్వ' అంది. తడుముకోలేదు. కూలి గింజల రూపంలో ముట్టిన రోజుల్లో సోల, తవ్వ, మానిక ఆమె కళ్లతోనే పట్టుకోవాల్సి వచ్చింది. కొలిచేవాడు దొంగ కొలత కొలిస్తే ఆ పూట గంజి పలచబడేది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో 'తల్లి చదువు' అన్న చోట ఏటా 'నిరక్షరాస్యురాలు' అని రాసిన చేతులు మావే.

ఈ ఆట 1913 డిసెంబర్ 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ మొదలుపెట్టినది. తెలుగులో దాన్ని శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' అన్నాడు, ఆరుద్ర 'గళ్ల నుడికట్టు' అన్నాడు. వత్తు, గుణింతం కలిపి ఒకే గడిలో ఇమడటం మన లిపికున్న సుఖం. కాని అంశం పెట్టి కూర్చినప్పుడు ఒక తిరకాసు ఉంది. పురాణమైతే ఒకరు గెలుస్తారు, సినిమా అయితే ఇంకొకరు. అంశం ఎంచుకున్నవాడే ఎవరు తెలివిగలవారో సగం తేల్చేస్తాడు. సేద్యం అన్నా అంతే. 'ధాన్యం నిల్వచేసేది' అంటే అమ్మ 'గుమ్మి' అంది. మా పాలమూరు వైపు అదే మాట. రెండో గడిలో అప్పటికే 'దె' పడి ఉంది, కాబట్టి 'గాదె'. "మరి మన గుమ్మి ఏడబాయె?" అని అమ్మ అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఆమె గంపలతో మోసి నింపింది పరుల గుమ్మినే అనుకోండి, అది వేరే సంగతి.

ఇది చెబితే పీజీ హాస్టల్లో ఒక మిత్రుడు గట్టిగానే అన్నాడు: మేడి విడిపించడానికే కదా మనల్ని చదివించింది, మళ్లీ ఆ మాటలెందుకని. అది తీసేయదగ్గ మాట కాదు. అమ్మ కూడా మమ్మల్ని ఏనాడూ మేడి పట్టనివ్వలేదు. అయితే ఆ పని వదలడం వేరు, ఆ పని తెలిసినవాళ్లను ఏమీ తెలియనివాళ్ల కింద జమకట్టడం వేరు. ఆ రెండో తప్పు చేసింది బయటివాళ్లు కాదు, అరుగు మీద కూర్చున్న మేమే.

అందుకని ఒక కోరిక. వచ్చే వార్షిక సంచికలో మన హాస్టల్ పిల్లలే కూర్చిన ఒక నుడికట్టు ఉండాలి. సెలవులకు వెళ్లినవాళ్లు ఇంటి నుంచి ఐదేసి మాటలు తేవాలి. చెప్పులు కుట్టే ఇంటి నుంచి ఆరె, రంపె. మగ్గం ఇంటి నుంచి నాడె, కండె. కుమ్మరి ఇంటి నుంచి సారె, వాము. డప్పు ఇంటి నుంచి సిర్ర, సిటికెన పుల్ల. ఒకే వస్తువుకు రెండు జిల్లాల్లో రెండు పేర్లుంటే రెంటికీ గళ్లు కేటాయించాలి. కూర్చడం కష్టమే, తెలుసు. మా వంతు ఐదు ఇవిగో: మేడి, తవ్వ, మానిక, చేట, గుమ్మి. ఆధారాలు మాత్రం మేం రాయం, అమ్మను అడిగి పంపుతాం.