కొత్త ఊపిరికి పింఛను లేదేటి?

మొన్న చోడవరం బస్టాండులో ఓ కుర్రోడు అడిగేడు: "అన్నా, ఊపిరితిత్తులు మారిస్తే మనిషి బాగైపోయినట్టే కదేటి?" వాల్ల చిన్నాన్నకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయేయట. మార్పిడే దారని డాక్టర్లు చెప్పేరట. ఇంట్లో అందరూ ఆపరేషన్ డబ్బు లెక్కే వేస్తున్నారు. నేను రెండో లెక్క చెప్పేను. మీకూ చెప్తాను.

కారంచేడు పీహెచ్‌సీ డాక్టరుగారి సంగతి గుర్తుందా? 2021లో కరోనా రోగుల్ని చూస్తూ ఆయనే ఆ జబ్బున పడ్డారు. ఊపిరితిత్తులు పాడైపోయేయి. కోటి రూపాయల పైమాటే అన్నారు. ముందు కదిలింది ఊరోల్లు, చందాలెత్తేరు. తర్వాత సర్కారు ఖర్చు భరించింది. హైదరాబాదులో మార్పిడి జరిగింది, ఆయన బతికేరు. మంచి పని, కాదనను. కానీ టీవీలకి కథ అక్కడితో అయిపోయింది. రోగికి అసలు కష్టం ఆపరేషన్ అయ్యేకే మొదలు.

మెలకువొచ్చేసరికి ఛాతీకి గొట్టాలుంటాయి. ఒకట్రెండు రోజుల్లోనే లేపి కూర్చోబెడతారు, నడిపిస్తారు. మార్చినప్పుడు నరాలు తెగుతాయి గనక లోపల కఫం చేరినా దగ్గు సరిగా రాదు. కావాలని దగ్గాల, బంతుల గొట్టంతో గాలి పీల్చాల. కిడ్నీ, కాలేయం ఒంట్లోపల దాక్కుని ఉంటాయి. ఊపిరితిత్తి అలా కాదు, ప్రతి శ్వాసకీ బయటి గాలి తగుల్తుంది. పైగా ఒళ్ళు కొత్త అవయవాన్ని తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటి మందులు బతికినన్నాళ్ళూ రెండు పూటలా వేళ తప్పకుండా మింగాల. వాటితో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గిపోద్ది. రక్తంలో మందు ఎంతుందో పరీక్షలు చేయిస్తూనే ఉండాల.

ఇప్పుడు మన ఊరు చూడండి. బెల్లం పొయ్యి పొగ, గడ్డివాము బూజు, పశువుల సాల, కంకర క్వారీ దుమ్ము. వీటన్నిటికీ దూరంగా ఉండాల. మొదటి కొన్ని నెలలు ఆసుపత్రి దగ్గర్లోనే గది అద్దెకి తీసుకోవాల. తోడున్న మనిషి కూలీ కూడా పోయినట్టే. అంటే ఒకరికి జబ్బు, ఇద్దరి సంపాదన బంద్.

2024 జూన్‌లో పింఛన్లు పెంచినప్పుడు కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి అయినోల్లకి నెలకి 5 వేల నుంచి 10 వేలు చేసేరు. బాగుంది. ఆ ఉత్తర్వులో ఊపిరితిత్తి పేరు లేదు. ఏం, దానికి మందులు ఉత్తినే వస్తాయేటి?

"ఇలాంటి ఆపరేషన్లు ఎన్నని, డబ్బున్నోల్ల జబ్బు కదా" అంటారు కొందరు. తక్కువే. తక్కువ గనకే ఖజానాకి బరువు కాదు. డబ్బున్నోల్లే చేయించుకుంటున్నారంటే, మనోల్లు అడక్కుండానే చచ్చిపోతున్నారని అర్థం.

అడగాల్సినవి మూడు. ఆ జాబితాలో ఊపిరితిత్తులు చేర్చాల. పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలోనే నెలనెలా మందులు, రక్తపరీక్ష ఉచితంగా అందాల. రోగికీ తోడుకీ ఆ మొదటి నెలల బస సర్కారే చూడాల.

తమ్ముల్లూ, చెల్లెమ్మలూ, మీ ఊల్లో ఇలాంటి రోగి ఉంటే చందా పెట్టె ఒక్కటే పట్టుకు తిరక్కండి. సచివాలయంలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఆ కుర్రోడితో నేనూ ఎల్తున్నాను.