పోయింది ఫైలు కాదు, ఐత్వం

ఇంటి నెట్‌వర్కులో అందరూ వాడుకొనే ఫోల్డరు నుండి ఫైళ్ళు మాయమైనాయని ఎవరైనా అంటే, చాలాసార్లు అవి అక్కడే ఉంటాయి. మనం పిలిచిన పేరుకు పలకవు, అంతే. తెలుగులో పేర్లు పెట్టుకొనే మనబోటి వారికి ఈ మౌనానికి ఒక ప్రత్యేక కారణం కూడా ఉన్నది. ఆ మాట ఎత్తగానే వినవచ్చే సలహా ఒకటే: "ఫైళ్ళకు ఇంగ్లీషు పేర్లు పెట్టుకోరాదా?" ఆ సలహాతో నాకు పేచీ ఉన్నది. అందుకే ఈ టపా.

విషయం అర్థం కావడానికి మా భోగాపురం ఇంటి సంగతి చెబుతాను. ఒక మూల లినక్సు యంత్రం, దానిమీద సాంబా, ఇంటిల్లిపాదికీ ఒకే భాండారం. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తరువాత వచ్చే మంగళవారం నాడు జరుగుతుంది. ఏటేటా తీసిన ఆ ఫొటోలు, అమ్మమ్మ పాడగా రాసుకున్న పాటలు 'పైడితల్లి' అనే ఫోల్డరులో ఉంటాయి. ఒక పాత కంప్యూటరులోనివన్నీ భాండారానికి చేర్చిన తరువాత వెతికితే, ఇటీవలి సంవత్సరాలవి మాత్రమే కనబడినవి. పాత డిస్కును తుడిచి ఇంకొకరికి ఇవ్వవలసిన రోజు దగ్గర పడింది.

ఇటువంటప్పుడు కంగారు పడక వరుసగా చూసుకోవాలి. మొదట, కిటికీలోంచి కాక, సర్వరు మీదనే ఫైళ్ళ సంఖ్య లెక్కించాలి. రెండవది అనుమతులు: ఒకరి పేరిట చేరిన ఫోల్డరు మరొకరికి తెరుచుకోకపోవచ్చు. మూడవది చుక్క: పేరు చుక్కతో మొదలైతే సాంబా దానిని విండోస్‌కు దాచిన ఫైలుగా చూపుతుంది. మా ఇంట్లో లెక్క సరిపోయింది, అనుమతులూ సరిపోయినవి, చుక్కా లేదు. కానీ సర్వరు జాబితాలో 'పైడితల్లి' రెండుసార్లు ఉన్నది. అక్షరం పొల్లుపోని రెండు పేర్లు!

ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండటానికి వీల్లేదు. కాబట్టి అవి ఒకే పేరు కాదు. యూనికోడులో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చును. 0సి48 అనే ఒకే సంకేతం ఒక పద్ధతి. 0సి46 అనే ఎత్వానికి 0సి56 అనే కింది గుర్తును చేర్చడం రెండవ పద్ధతి. ఈ రెండూ సమానమేనని యూనికోడు ప్రమాణం చెబుతుంది. తెలుగు గుణింతాల్లో ఈ ద్వంద్వం ఒక్క ఐత్వానికే ఉన్నది. యాపిల్ 1998లో తెచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచేది. 2017లో మాక్‌లకు వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన రూపాన్నే ఉంచి, రెంటినీ ఒకటిగా గుర్తిస్తుంది. లినక్సు మాత్రం మామూలుగా పేరును బైట్ల వరుసగానే చూస్తుంది. బైట్లు వేరైతే దానికి మనుషులే వేరు. ఎవరి నియమం వారిదే, ఎవరూ తప్పు చేయలేదు. నష్టం మాత్రం మధ్యనున్న తెలుగువాడిది.

అందులోనూ మా ఉత్తరాంధ్రవాడిది మరీను. పైడిరాజు, పైడమ్మ, పైడయ్య, పైడిభీమవరం - మా పేర్లలో ఐత్వం లేనిదే పొద్దుపోదు. చైత్రం, వైశాఖం, శైలి సరేసరి. అసలు 'ఫైలు'లోనే ఐత్వం ఉన్నది కదా!

అసలు ప్రమాదం ఫైలు కనబడకపోవడం కాదు. "ఇదెవరో రెండుసార్లు ఎక్కించారు" అనుకొని, కవలల్లో ఒకదానిని చెరిపివేయడం. ఒకదానిలో పాత ఉత్సవాలు, రెండవదానిలో కొత్తవి. పైకి చూస్తే నకలు, లోపల చూస్తే ఏ ఒక్కటీ పూర్తి కాదు.

చికిత్స కష్టమైనది కాదు. కాన్వ్‌ఎంవీ అనే చిన్న పరికరం పేర్లన్నిటినీ కలిపిరాసే రూపానికి మారుస్తుంది. ప్రత్యేకంగా ఆజ్ఞాపిస్తే తప్ప ఏదీ మార్చదు, మార్చబోయేవాటిని చూపి ఊరుకుంటుంది. అయితే కవలలున్న చోట ముందు ఒకదానికి తాత్కాలికంగా వేరే పేరు పెట్టి, లోపలివాటిని చేతితో కలుపుకోవడమే క్షేమం. ఇంకొక దొంగ కూడా ఉన్నాడు. పొల్లు తరువాత మనం వాడే కంటికి కనబడని విడదీత గుర్తు, 200సి. అది పేరు చివర ఉంటే కనిపెట్టలేము, ఈ పరికరమూ దానిని తీయదు.

ఇక ఇంగ్లీషు పేర్ల సలహా. పైడి అన్న మాటను ఇంగ్లీషులో ఒకరు ఏ-ఐలతో రాస్తారు, ఇంకొకరు వైతో. ఒకే ఇంట్లో అన్నదమ్ముల ధ్రువపత్రాల్లోనే రెండు రకాలుగా ఉండవచ్చును. ఆ రెండూ ఒకటేనని చెప్పే ప్రమాణం లోకంలో లేదు. మన ఐత్వానికి 'ఈ రెండూ ఒకటే' అని రాసిపెట్టిన నియమం ఉన్నది. నియమం ఉన్న లిపిని వదిలి, నియమం లేని లిప్యంతరీకరణను ఆశ్రయించమనడం ఏమి న్యాయం? లోపం పనిముట్లలో ఉంటే దిద్దవలసినవి పనిముట్లు. అమ్మవారి పేరు కాదు.

మిత్రులకు ఒక్క మనవి. పాత డిస్కు తుడిచే ముందు మీ భాండారంలో ఐత్వం ఉన్న పేర్లను ఒకసారి సర్వరు మీదనే చూడండి. కవలలు కనబడితే తొందరపడి చెరపకండి. రెండు తలుపులూ తెరిచి చూడండి.