దరఖాస్తుల వడపోత: యంత్రమునకు హద్దు

మిర్యాలగూడ బియ్యపుమిల్లులలో రంగుమారిన గింజను క్షణములో వేరుపరచు సార్టెక్స్ యంత్రమును చూచినవారికి, ఉద్యోగార్థుల రెజ్యూమెలను అట్లే వడపోయు సాఫ్టువేరు ఆశ్చర్యము గొలుపదు. కాని గింజకు రంగు గుణసూచకమైనట్లు, కాగితముపైని పదములు మనుష్యుని యోగ్యతకు సంపూర్ణప్రమాణములు కానేరవు. అమెజాన్ సంస్థ 2014లో నిర్మింపనారంభించిన అట్టి సాధనము, పూర్వపు దరఖాస్తులలో పురుషులవే అధికమగుటచే, స్త్రీల రెజ్యూమెలను తక్కువగా మదింపజొచ్చెననియు, తుదకు సంస్థ దానిని విడనాడెననియు 2018లో రాయిటర్స్ వెల్లడించినది. ఇట్టి సాధనములకు పక్షపాత పరీక్షను న్యూయార్కు నగరము 2023 నుండి తప్పనిసరి గావించినది.

కావున సూర్యాపేట ఐటీ హబ్బులోని సంస్థలు గాని, కోదాడ కళాశాలల పట్టభద్రులను ఎన్నుకొనువారు గాని, ఇట్టి సాధనపు ధర విచారించుటకు ముందే మూడు ప్రశ్నలు అడుగవలెను: తిరస్కారమునకు హేతువును అది చెప్పగలదా? తెలుగు మాధ్యమమున చదివిన గ్రామీణుల రెజ్యూమెలను ఆంగ్లపటిమ కొరవడినదని వెనుకకు నెట్టదు గదా? అభ్యర్థుల సమాచారమును ఎచ్చట, ఎంతకాలము భద్రపరచును? పిమ్మట, తాము స్వయముగా పరిశీలించి తీర్పుచెప్పిన పాత దరఖాస్తులనే దానికిచ్చి, ఫలితములను పోల్చి చూడవలెను. వరుసక్రమమును కూర్చు పనిని యంత్రమునకు అప్పగింపవచ్చును. త్రోసిపుచ్చు అధికారము మాత్రము మనుష్యుని చేతనే యుండవలెను.