యౌవనులకు ఒక మాట: ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్షకు సిద్ధపడుట



డిగ్రీ పరీక్షలు దగ్గరపడగానే మన ఇండ్లలో తరచుగా వినబడే మాట ఒకటుంది: “అన్నీ వస్తున్నాయి గాని ఆర్గానిక్ కెమిస్ట్రీ మాత్రం గుర్తుండటం లేదు.” రాత్రంతా మేల్కొని బట్టీపడతారు. తెల్లవారి ప్రశ్నాపత్రము చూడగానే ఒకదానితో ఒకటి కలిసిపోతుంది.

ఈ శాస్త్రములో చర్యలు వందలకొలది ఉన్నను కారణములు కొన్నే. ఆల్డిహైడులు, కీటోనుల పాఠమే చూడండి. వీటిలో కార్బనుకు ఆక్సిజనుతో ద్విబంధము ఉంటుంది. ఆక్సిజను ఎలక్ట్రానులను తనవైపు లాగుకొనుటచేత కార్బను మీద కొంచెము ధనావేశము ఏర్పడుతుంది. ఎలక్ట్రానులు ఇవ్వగల న్యూక్లియోఫైల్ వచ్చి అక్కడే చేరుతుంది. హైడ్రోజన్ సయనైడ్ చర్యకు, గ్రిగ్నార్డ్ కారకపు చర్యకు మూలము ఇదే. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే పాఠములో చాలా భాగము వచ్చినట్లే.

చదివిన వెంటనే పుస్తకము మూసి, తెల్ల కాగితము మీద ఆ చర్యను వ్రాయండి. ఎలక్ట్రానులు ఉన్నచోటి నుండి అవి చేరేచోటికి బాణము గీయండి. తప్పిన చోట ఎర్ర సిరాతో దిద్దుకొని మరునాడు ఒకసారి, వారము తరువాత ఒకసారి మరల వ్రాయండి. రోజుకు ఐదు చర్యలైనా సరే, మానకండి. పరీక్ష ముందు రాత్రి తప్పక నిద్రపోండి.

“ప్రార్థన చేసుకుంటే చాలదా?” అని కొందరు అడుగుతారు. బబులోనులో దానియేలును అతని స్నేహితులును ప్రార్థనాపరులే. అయినను కల్దీయుల భాషను, విద్యను నేర్చుకొనుటకు వారికి 3 సంవత్సరముల గడువు పట్టింది. ఆ తరువాతనే రాజు ఎదుట నిలిచారు. వివేచన ఇచ్చినవాడు దేవుడే. కూర్చుండి నేర్చుకొన్నది మాత్రము వారే.

తల్లిదండ్రులారా, పొలము పనులు ముమ్మరముగా ఉన్నను పరీక్షల నెలలో బిడ్డకు రోజూ రెండు గంటలైనా విడిచిపెట్టండి. ఆడపిల్లయితే వంటపని, నీళ్లపని కూడ తగ్గించండి. మీకు ఆ పాఠము తెలియకపోయినా, “ఇది ఎందుకు అలా జరుగుతుందో చెప్పమ్మా” అని అడగండి. తడుముకోకుండా వివరించగలిగితే వచ్చినట్లే. పొరుగింటి పిల్లలతో పోల్చకండి. పేపరు తప్పితే మరల వ్రాయవచ్చును. విరిగిన మనస్సును బాగుచేయుట అంత సులభము కాదు. ఫలితము ఏదైనా బిడ్డ దేవుడిచ్చిన స్వాస్థ్యమే.

ప్రభువు మీ ప్రయాసమును దీవించి, మీకు నెమ్మది అనుగ్రహించును గాక. ఆమేన్.